బంగారం పుట్టిల్లు: నక్షత్రం నుంచి కోలారు గని దాకా

బంగారం భూమిలో దొరుకుతుంది గానీ భూమిలో పుట్టలేదు. వెండి సంగతీ అంతే. భూమి లోపల ఎంత వేడి ఉన్నా, ఎంత ఒత్తిడి ఉన్నా ఆ రెంటినీ తయారుచేయడానికి చాలదు. భూమి చేసిందల్లా ఎక్కడినుంచో వచ్చి తనలో కలిసిన ఆ లోహాలను కొన్ని చోట్ల పోగుచేసి పెట్టడమే. మిగతా పని, అంటే రాతిని పగలగొట్టి, పొడిచేసి, కడిగి, కరిగించి లోహాన్ని బయటికి తీయడం మనుషులది. ఈ మూడు దశలూ స్పష్టంగా కనిపించే చోటు తెలుగు నేలకు ఆనుకునే ఉంది. అది కోలారు బంగారు గనుల ప్రాంతం.

బంగారాన్ని తయారుచేయవచ్చన్న నమ్మకం చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రం బంగారు రకాలను చెబుతూ గనిలో దొరికేదాన్ని ఒకటిగా, రసంతో సిద్ధించేదాన్ని మరొకటిగా లెక్కపెట్టింది. శ్రీశైలం కొండల్లో రసవాది నాగార్జునుడు బంగారం చేశాడని కథలున్నాయి. వేమన జీవితం చుట్టూ అల్లుకున్న గాథల్లోనూ స్వర్ణయోగం వస్తుంది. ఇనుమును తాకితే బంగారం చేసే రాయికి తెలుగులో పరుసవేది అని పేరే ఉంది. తరతరాల రసవాదులు పాదరసాన్ని పుటం పెట్టారు, మూలికల పసర్లతో నూరారు, గంధకంతో ఉడికించారు. రసాయనశాస్త్రం వాళ్ల శ్రమకు చాలా రుణపడి ఉంది. కానీ బంగారం మాత్రం రాలేదు. కారణం కొలిమికి ఉన్న హద్దు. కొలిమి వేడి పరమాణువుల పైపొరల్లోని ఎలక్ట్రాన్లనే కదిలిస్తుంది. ఒక లోహాన్ని ఆ లోహంగా నిలిపేది లోపలి కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య. బంగారానికి అవి 79, పాదరసానికి 80, వెండికి 47. ఆ ఒక్క ప్రోటాన్ తేడాను చెరపడానికి ఏ కొలిమి వేడీ చాలదు. ఐరోపాలోని సెర్న్ ప్రయోగశాలలో 2015 నుంచి 2018 వరకు సీసపు కేంద్రకాలను దాదాపు కాంతివేగంతో ఒకదాని పక్కనుంచి ఒకటి దూసుకుపోనిస్తే కొన్ని సీసపు కేంద్రకాలు మూడు ప్రోటాన్లను వదిలి బంగారమయ్యాయి. ఆ మూడున్నరేళ్లలో పుట్టిన బంగారమంతా కలిపి 29 పికోగ్రాములు, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు చొప్పున 29 వంతులు. అది కూడా సెకనులో అతి చిన్న భాగం మాత్రమే నిలిచింది.

నక్షత్రాల కడుపులో హైడ్రోజన్ కలిసి హీలియం అవుతుంది. హీలియం నుంచి కార్బన్, ఆక్సిజన్, అలా మెట్టుమెట్టుగా బరువైన మూలకాలు వస్తాయి. ఈ కూడిక ఇనుము దగ్గర ఆగిపోతుంది. ఇనుమును దాటి కలపాలంటే శక్తి పుట్టదు సరికదా, ఖర్చవుతుంది. మరి ఇనుముకంటే బరువైన బంగారం, వెండి, సీసం ఎలా వచ్చాయి? 1957లో మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, విలియం ఫౌలర్, ఫ్రెడ్ హోయిల్ కలిసి రాసిన సుదీర్ఘ వ్యాసం దీనికి దారి చూపింది. అదే ఏడాది అలిస్టర్ కామెరాన్ విడిగా అదే మాట చెప్పాడు. విద్యుదావేశం లేని న్యూట్రాన్లను కేంద్రకం ఒక్కొక్కటిగా మింగుతుంది. మింగిన న్యూట్రాన్లలో కొన్ని ప్రోటాన్లుగా మారుతాయి. అలా మూలకం ఒక్కో మెట్టు పైకెక్కుతుంది. ముసలి నక్షత్రాల్లో ఈ పని నెమ్మదిగా, వేల ఏళ్లు సాగుతుంది. వెండిలో కొంత వాటా అలా వచ్చిందే. బంగారం దాదాపుగా మొత్తం, వెండిలో ఎక్కువ భాగం వేరే దారిన పుట్టాయి. అక్కడ న్యూట్రాన్లు వరదలా వచ్చి మీదపడతాయి, సెకన్లలో పని ముగుస్తుంది.

అంత వరద ఎక్కడ వస్తుందన్నది అరవై ఏళ్ల పాటు ఊహగానే ఉంది. 2017 ఆగస్టు 17న అమెరికాలోని లైగో, ఇటలీలోని విర్గో పరికరాలు ఒక గురుత్వ తరంగాన్ని పట్టుకున్నాయి. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీలో, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ తిరుగుతూ ఢీకొన్న సంకేతం అది. న్యూట్రాన్ నక్షత్రం అంటే సూర్యుడికంటే ఎక్కువ బరువు ఒక నగరమంత వెడల్పులో ఇమిడిపోయిన మృత నక్షత్రం. తరంగం అందిన రెండు సెకన్లలోపే గామా కిరణాల మెరుపు వచ్చింది. కొన్ని గంటల్లో దూరదర్శినులు ఆ చోటును గుర్తించాయి. నీలంగా కనిపించిన వెలుగు రోజుల వ్యవధిలో ఎరుపుకు తిరిగింది. అప్పుడే పుట్టిన బరువైన మూలకాలు కాంతిని అడ్డగిస్తే వెలుగు అలాగే మారాలని లెక్కలు ముందే చెప్పాయి. ఆ ఒక్క ఢీకి భూమి బరువుకు వేల రెట్ల భార మూలకాలు వెలువడ్డాయని అంచనా. కొన్ని అరుదైన నక్షత్ర పేలుళ్లకు, తీవ్ర అయస్కాంత శక్తిగల మాగ్నెటార్లకు కూడా ఇందులో వాటా ఉంది. ఎవరి వాటా ఎంత అన్న చర్చ ఇంకా సాగుతోంది.

అలా చిమ్మిన ధూళి అంతరిక్షంలో వాయుమేఘాల్లో కలిసింది. అలాంటి ఒక మేఘం నుంచే సుమారు 454 కోట్ల ఏళ్ల కిందట భూమి కూడుకుంది. తొలినాళ్ల భూమి కరిగిన ముద్ద. ఇనుము బరువుకు కిందికి దిగి కేంద్రంలో చేరింది. ఇనుముతో కలవడానికి ఇష్టపడే బంగారం దానితోపాటే దిగిపోయింది. భూమికి దక్కిన బంగారంలో చాలా పెద్ద భాగం ఇప్పటికీ ఆ లోపలి గర్భంలోనే ఉంది. మనిషి చేతికి అందిన బంగారం ఎక్కువగా ఆ తరువాత ఉల్కలు, గ్రహశకలాలు మోసుకొచ్చిందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. గ్రీన్‌లాండ్‌లోని 380 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో టంగ్‌స్టన్ రూపాలను కొలిచి బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ఈ వాదనకు బలం చేకూర్చారు. హవాయి అగ్నిపర్వతాల లావాలో భూకేంద్రపు రుథేనియం జాడ ఉందని 2025లో జర్మనీలోని గోట్టింగెన్ పరిశోధకులు చూపడంతో, లోపలి లోహం కూడా కొద్దికొద్దిగా పైకి ఊరుతోందని తేలింది.

అయినా ఇదంతా కలిపి భూమి పైపొరలో టన్ను రాతికి సగటున రెండు మూడు మిల్లీగ్రాముల బంగారమే. వెండి దానికి ఎన్నో రెట్లు ఎక్కువ, సుమారు 70 మిల్లీగ్రాములు. ఇంత పలచగా పరచుకున్న లోహాన్ని ఎవరూ తవ్వుకోలేరు. టన్నుకు కొన్ని గ్రాములైనా ఉంటే తప్ప గని నడవదు. అంటే వెయ్యి రెట్లకు పైగా చిక్కబడాలి. ఆ పని చేసింది వేడి నీళ్లు.

దక్షిణ భారతపు రాతి పునాదిని ధార్వాడ్ భూఖండం అంటారు. అందులో పాత సముద్రపు లావా గట్టిపడి, నలిగి, నల్లని రాళ్లుగా మారిన సన్నని పట్టీలు ఉత్తర దక్షిణాలుగా పరచుకుని ఉన్నాయి. కోలారు పట్టీ వాటిలో ఒకటి. పొడవు సుమారు 80 కిలోమీటర్లు, వెడల్పు నాలుగైదు కిలోమీటర్లు. దాని వయస్సు సుమారు 270 కోట్ల ఏళ్లు. రెండు భూభాగాలు ఒకదాన్నొకటి నెట్టుకున్నప్పుడు లోతున రాళ్లు ఉడికి వాటిలోని నీరు విడుదలైంది. మూడు నాలుగు వందల డిగ్రీల వేడితో, గంధకంతో కూడిన ఆ నీరు దారిలోని బంగారాన్ని తనలో కరిగించుకుంది. ఒంటరిగా ఏ నీటిలోనూ కరగని బంగారం గంధకం తోడుంటే కరుగుతుంది. భూకంపాలకు రాయి చీలినప్పుడల్లా నీరు ఆ పగుళ్లలోకి ఎగదన్నింది. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయింది. దారిలోని నల్లరాతి ఇనుము గంధకాన్ని లాగేసుకుంది. గంధకం తోడు తప్పగానే బంగారం రవ్వలుగా విడిపోయింది. నీటిలోని సిలికా దాని చుట్టూ తెల్ల పలుగురాయిగా గట్టిపడింది. చీలడం, నిండడం, మళ్లీ చీలడం ఇలా లెక్కలేనన్నిసార్లు జరిగింది. నల్లరాతిలో తెల్ల పలుగు చారలు కనిపించే చోట తవ్వాలన్న పాతకాలపు గనివాళ్ల ఆనవాలుకు శాస్త్రం చెప్పే కారణం ఇదే. అదే తరహా పట్టీల్లో రాయచూరు జిల్లా హట్టి, పూర్వపు అనంతపురం జిల్లా రామగిరి, కర్నూలు జిల్లా జొన్నగిరి ఉన్నాయి. కోలారు పట్టీ దక్షిణపు కొస చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోని చిగురుగుంట, బిసానత్తం మీదుగా సాగుతుంది.

ఎండకు, వానకు ఆ పలుగురాయి పగిలి వాగుల్లో పడితే బంగారం రవ్వలుగా విడివడి ఇసుకలో చేరుతుంది. నీటికంటే పంతొమ్మిది రెట్లు బరువు కాబట్టి ప్రవాహం మందగించే మలుపుల్లో, రాతి సందుల్లో అడుగుకు దిగుతుంది. చెక్క పళ్లెంలో ఇసుక వేసి నీటిలో తిప్పితే తేలిక ఇసుక పోయి రవ్వ మిగులుతుంది. మనిషి మొదట బంగారాన్ని ఇలాగే పొంది ఉంటాడు. ఈ కడుగుడు విద్యను ఊళ్లలోకి తెచ్చినవాళ్లు జలకడుగువాళ్లు. కంసాలి కొట్ల ముందు ఊడ్చిన మట్టిని, మురుగునూ కడిగి రవ్వ తీసి బతికిన కులం అది. బంగారం చరిత్ర రాసేవాళ్లు రాజుల కిరీటాలకు ఇచ్చిన చోటులో పదో వంతైనా వీళ్లకు ఇవ్వలేదు.

ఇసుక నుంచి రాతిలోకి దిగడం పెద్ద అంగ. హట్టిలో ఆధునిక కంపెనీ తవ్వుతుంటే దాదాపు 640 అడుగుల లోతున పాతవాళ్ల పనులు బయటపడ్డాయి. అక్కడ దొరికిన కర్ర ముక్కల వయస్సు సుమారు రెండు వేల ఏళ్లని రేడియోకార్బన్ పరీక్షలో తేలింది. మందుగుండు లేని రోజులవి. రాతి ముఖాన మంట పెట్టి, ఎర్రబడ్డాక నీళ్లు చల్లి, బీటలు వారిన రాతిని ఉలితో, సుత్తితో ఊడదీశారు. ఆ పొగలో, నూనె దీపపు వెలుతురులో ఆరు వందల అడుగుల లోతుకు దిగినవారి పేర్లు ఏ శాసనంలోనూ లేవు. హట్టికి దగ్గరలోనే మస్కిలో అశోకుని శాసనం ఉంది. జొన్నగిరి పక్కన ఎర్రగుడిలో అశోకుని శాసనాలు 1929లో వెలుగు చూశాయి. మౌర్యుల దక్షిణ రాజధానిగా శాసనాల్లో కనిపించే సువర్ణగిరి ఈ జొన్నగిరేనని పలువురు చరిత్రకారులు భావిస్తారు. పాటలీపుత్రం నుంచి ఇంత దూరం వచ్చి మౌర్యులు రాళ్లమీద మాటలు చెక్కించిన చోట్లు బంగారు పట్టీల వెంట ఉండడం యాదృచ్ఛికమని చెప్పడం కష్టం.

వెండి కథ వేరు. బంగారం తనంతట తానుగా లోహరూపంలో కనిపిస్తుంది, వెండి ఎక్కువగా సీసపు ముడిరాయిలో దాగి ఉంటుంది. సీసాన్ని ఎముకబూడిద మూసలో కరిగించి గాలి ఊదితే సీసం భస్మమై మూసలోకి ఇంకిపోతుంది, అడుగున వెండి గుండు మిగులుతుంది. రాజస్థాన్‌లోని జావర్, దరీబా గనుల్లో ఈ పని రెండు వేల ఏళ్లకు ముందే జరిగింది. ఇప్పటికీ దేశంలో తీసే వెండి దాదాపు మొత్తం ఆ రాష్ట్రపు సీసం, జింకు గనుల ఉపఉత్పత్తే. దక్షిణాదికి ఆ వసతి లేదు. శాతవాహనుల నాణేల్లో వెండివి కొన్ని, సీసానివి లెక్కలేనన్ని ఉండడం గమనించదగ్గది. తరువాతి కాలంలో తెలుగు తీరానికి వెండి ఓడల్లో వచ్చింది. 1605లో మచిలీపట్నం చేరిన డచ్చివారు ఇక్కడి అద్దకపు బట్టలకు బదులుగా జపాన్ గనుల వెండిని తెచ్చి ఇచ్చారు. 1668లో జపాన్ వెండి ఎగుమతిని ఆపేశాక అక్కడి బంగారు కోబాన్ నాణేలు వచ్చాయి. అవి ఇక్కడ కరిగి వరహాలయ్యాయి. 1545లో ఇప్పటి బొలీవియాలోని పోటోసీ కొండమీద బయటపడ్డ వెండి కూడా ఐరోపా చుట్టి హిందూదేశపు బట్టల బజార్లకు చేరింది. పోటోసీ గనుల్లో వెట్టికి దిగిన ఆండీస్ రైతులకూ, కృష్ణా తీరపు సాలెవాళ్లకూ మధ్య ఉన్న ఈ ముడి ఆ రెండు వైపులవారికీ తెలియదు.

కోలారుకు వస్తే, 1802లో మైసూరు సరిహద్దులు కొలుస్తున్న లెఫ్టినెంట్ జాన్ వారెన్ చెవిన ఊరిగాం వైపు బంగారం దొరుకుతుందన్న మాట పడింది. చూపిస్తే బహుమానం ఇస్తానన్నాడు. ఊరివాళ్లు బండ్లమీద మట్టి తోలుకొచ్చి అతని ఎదుటే కడిగి రవ్వ చూపించారు. మారికుప్పం దగ్గర మనుషులు గుంతల్లోకి దిగి రాళ్లు పైకి అందించడం, ఆడవాళ్లు వాటిని పొడికొట్టి కడగడం అతను చూసి రాశాడు. కోలారు బంగారాన్ని తెల్లవాళ్లు కనిపెట్టారన్న మాట ఈ ఒక్క సాక్ష్యంతోనే వీగిపోతుంది. వారెన్ రాసింది చదివిన మైఖేల్ లవెల్ అనే మాజీ సైనికుడు 1871లో బెంగుళూరు నుంచి ఎడ్లబండిలో అక్కడికి వెళ్లాడు, 1875లో తవ్వకపు హక్కు సంపాదించాడు. పెట్టుబడి చాలక దాన్ని అమ్ముకున్నాడు. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగంలోకి వచ్చింది. తొలి కంపెనీల డబ్బు చాలావరకు వృథాగా పోయింది. పాతవాళ్లు వదిలిన గుంతల అడుగుకు దిగి చూస్తే ఛాంపియన్ రీఫ్ అనే గొప్ప బంగారు చార తగిలింది. ఆధునిక గనికి దారి చూపింది పేరు లేని ఆ పాత పనివాళ్ల గుంతలే.

ఆపైన పని వేగం పుంజుకుంది. 1887లో గ్లాస్గోలో కనిపెట్టిన సైనైడ్ పద్ధతి రాతిపొడిలో కంటికి కనిపించని బంగారాన్ని కూడా కరిగించి బయటికి తెచ్చింది. 1902లో కావేరీ మీది శివనసముద్రం జలపాతం నుంచి 92 మైళ్ల తీగలు లాగి గనులకు కరెంటు ఇచ్చారు. అప్పటికి బెంగుళూరులో వీధి దీపాలకు కూడా కరెంటు లేదు. గనుల దగ్గర, బౌరింగ్ అనే కమిషనర్ పేరిట ఉన్న బౌరింగ్‌పేట జనం నోట బంగారుపేట అయింది. ఛాంపియన్ రీఫ్ గని చివరికి 3 కిలోమీటర్ల లోతు దాటి ప్రపంచపు అత్యంత లోతైన గనుల్లో ఒకటైంది.

ఆ లోతులో రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. పైనున్న కొండంత బరువుకు గోడలు ఒక్కోసారి తుపాకీ మందులా పేలి లోపలివారిని పూడ్చేసేవి. గనివాళ్లు దాన్ని రాక్ బర్స్ట్ అనేవారు. పలుగురాతి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ వచ్చేది. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో అక్కడ పాతిక వేలకు పైగా మనుషులు పనిచేశారు. వాళ్లలో అధిక భాగం ఉత్తర ఆర్కాటు, సేలం, చిత్తూరు ప్రాంతాల నుంచి కరువుకూ, కులపు అణచివేతకూ తాళలేక వచ్చిన దళితులు. తమిళం, తెలుగు, కన్నడం మూడూ వాళ్లుండే లైన్ ఇళ్లలో కలిసిమెలిసి వినిపించేవి. 1930లో వేలిముద్రలు నమోదు చేయాలన్న కంపెనీ ఆజ్ఞను వాళ్లు సమ్మె చేసి ఎదిరించారు. దొంగలుగా చూడడాన్ని ఒప్పుకోని ఆ సమ్మె దక్షిణ భారత కార్మిక చరిత్రలో తప్పక చదవాల్సిన అధ్యాయం.

ఇదే గనిలో మరో విశేషం జరిగింది. 1965లో 7,600 అడుగుల లోతున టాటా పరిశోధనా సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు ఆకాశం నుంచి వచ్చే న్యూట్రినో కణాల జాడను పట్టుకున్నారు. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను మొదటిసారి గుర్తించిన ఘనత కోలారుకూ, దాదాపు అదే సమయంలో దక్షిణాఫ్రికాలోని మరో బంగారు గనికీ దక్కింది. ఇతర కణాలన్నిటినీ పైనున్న రాయి ఆపేస్తుంది, న్యూట్రినో మాత్రమే దాటి వస్తుంది. బంగారం కోసం తవ్విన లోతు ఆ విధంగా ఆకాశాన్ని చూసే కన్ను అయింది.

గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వెళ్లాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. మంచి రాయి అప్పటికే కరిగిపోయింది. తొలి దశకాల్లో టన్ను రాతికి 40 గ్రాములకు పైగా ఇచ్చిన గని చివరికి మూడు నాలుగు గ్రాములకు దిగింది. లోతు పెరిగేకొద్దీ ఖర్చు పెరిగింది. రామగిరి, చిగురుగుంట, బిసానత్తం గనులను కూడా ఆ సంస్థే నడిపింది. అవన్నీ దానితోపాటే మూతపడ్డాయి. 2001 ఫిబ్రవరి 28న కోలారులో పని ఆగింది. నూట ఇరవై ఏళ్లలో అక్కడ తీసిన బంగారం 800 టన్నులకు పైమాటే. మానవజాతి ఇంతవరకు తవ్వుకున్న బంగారమంతా సుమారు రెండు లక్షల టన్నులకు పైన, అంటే ఒక్కో వైపు 22 మీటర్లున్న దిమ్మెలో పట్టేంత.

గని బావుల్లో ఇప్పుడు నీరు నిండింది. బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి మూడు కోట్ల టన్నులకు పైగా కొండల్లా పడి ఉంది. జనం వాటిని సైనైడ్ దిబ్బలంటారు. వేసవి గాలికి ఆ పొడి లేచి రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట ఇళ్లమీద పడుతుంది. ఆ ఇళ్లలో ఉంటున్నది గనిలో పనిచేసినవాళ్ల బిడ్డలు, మనవలు. వాళ్లలో చాలామంది తెల్లవారకముందే రైలెక్కి పనికోసం బెంగుళూరు వెళ్లి రాత్రికి తిరిగొస్తారు.